నా మగ్గం గుంతలో ఇంకొకడు

ధర్మవరంలో మేము ఖాళీ చేసిన బాడుగ ఇంటి అడ్వాన్సు, ముప్పై వేలు, ఓనరు దగ్గర ఇరుక్కుపోయేటప్పటికి నేను కువైట్‌లో ఉన్నాను. ఆరో తరగతిలో బడి మానేసి మగ్గంలో పెట్టిన కాళ్లు ఇవి. ఇరవై ఏళ్లు మగ్గం తొక్కి, ఇప్పుడు ఒక అరబ్బు ఇంటి కారుకి బ్రేకు తొక్కుతున్నాయి. దేశం మారింది గానీ తొక్కడం తప్పలేదు.

నా భార్య పెనుకొండలో వాళ్ల అక్క ఇంటి వరండాలో పడుకుంటోంది. హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో పని దొరికితే అక్కడ ఒక గది చూసుకుంది. నెలాఖరులోగా దానికి అడ్వాన్సు కట్టకపోతే గది ఇంకొకరికి పోతుంది. ఆ దుడ్లు ధర్మవరం నుంచే రావాలి.

ఓనరుకు ఫోన్ చేశాను.

“ఇల్లు నీకిచ్చినప్పుడు గుంత ఉండెనా అబ్బా?” అన్నాడు.

“ల్యాదన్నా.”

“ఇప్పుడుండాది. నాలుగు బండలు లేపి తవ్వినావు. పూడ్చి, బండలు పరిపించి, అప్పుడడుగు.”

నిజమే. చేతిమగ్గం ముందు కూర్చునేవాడికి కాళ్లు దించుకోవడానికి గుంత కావాలి. నా కాళ్ల పొడుగు కొలుచుకుని నేనే తవ్వుకున్నాను. పోయేటప్పుడు పూడ్చి పోవడం పద్ధతి. వీసా వచ్చిన సంబరంలో మరిచాను.

“కువైట్ నుంచి ఎట్ల పూడ్చేదన్నా?”

“ఆడ యాడ జూసినా ఇసకేనంట గదా. రెండు మూటలు పంపు.”

నాకంటే బాగా జోకు వేశాడని అప్పుడే సగం కుళ్లుకున్నాను. మిగతా సగం ఆ ఆదివారం కుళ్లుకున్నాను.

ఆ రోజు నా భార్య ఓనరును అడుగుదామని వెళ్లి, మేము ఖాళీ చేసిన ఇంట్లోంచే వీడియో కాల్ చేసింది. నా గుంతలో ఒక మనిషి కూర్చుని నేస్తున్నాడు. మాతో చీరలు నేయించుకునే సేటు షెడ్డులో పదేళ్లు నా పక్క మగ్గంలో ఉన్నవాడే. ఇద్దరం ఒకే డిజైను నేసినా సేటు ముందు వాడి చీరే విప్పి, “అంచంటే ఇదబ్బా” అనేవాడు. ఇప్పుడు ఓనరు ఇల్లు కూడా వాడికే ఇచ్చాడు.

“ఏమప్పా, బాగుండావా?” అన్నాడు వాడు, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపకుండా. “నువ్వు తవ్విన గుంత నా కాళ్లకు కొలిచినట్లుండాది. గుంత ఉండే ఇల్లని ఓనరు బాడుగ ఐదు నూర్లు ఎక్కువేసినాడులే.”

తెలివిగలవాడు ఎవడైనా ఆ ఐదు నూర్లను పట్టుకుంటాడు. నాకు వినబడింది “నా కాళ్లకు” అన్న ముక్క ఒక్కటే. అది చాలదన్నట్టు నా భార్య ఫోను చీర మీదికి తిప్పి, “అంచు ఎంత బాగ వస్తాండాదో చూడు” అంది.

ఆమె బయటికొచ్చాక చెప్పాను: “రేపే కూలోళ్లను పంపుతా. గుంత పూడ్పించు.”

“ఆయప్ప మగ్గం ఏం కావల్ల? నీకు అడ్వాన్సు కావల్లా, ఆయప్ప లేసిపోవల్లా?”

నేను ఫోను పెట్టేశాను. జవాబు చెప్తే రెండోదే చెప్పేవాణ్ని.

ఓనరుకు మళ్లీ ఫోన్ చేశాను. “అన్నా, రేపు పొద్దున్నే మట్టి, కూలోళ్లు వస్తారు. పూడుస్తాండా.” బెదిరింపు కాదు. నిజంగానే పూడ్చాలనుకున్నాను.

ఓనరు గొంతు మెత్తబడింది.

“అంత తొందరేముందబ్బా? సగం నేసిన చీర ఉండాది మగ్గం మీద.”

“నువ్వే గదన్నా పూడ్చమనింది?”

“ఏదో ఆ పొద్దు అన్నాలే. గుంత పూడిస్తే ఈడెవురుంటారు? నువ్వు దాని జోలికి రావద్దు. మీ ఇంటామెను రమ్మను, ఇచ్చేస్తా.”

అప్పటికి గానీ నా గుంత మీద ఓనరుకు నెలనెలా వచ్చే ఆ ఐదు నూర్లు నా బుర్రకు ఎక్కలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆమె మళ్లీ వెళ్లింది. సున్నానికని రెండు వేలు పట్టుకుని మిగతాది ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె హిందూపురం గదికి అడ్వాన్సు కట్టి, తాళంచెవి ఫోన్‌లో చూపించి, “భలే ఉపాయం చేసినావే!” అంది. ఉపాయం కాదని నేను చెప్పలేదు.

“పోయినప్పుడు గుంతలో వాడు ఉన్నాడా?” అన్నాను.

“ఉండాడు. కాఫీ కూడా ఇచ్చినారు.”

“చీర అయిపోయిందా? కొంగు ఎట్లొచ్చింది?”

“నేను చూడ్లేదబ్బా” అంది. అబద్ధం. చీర పక్కన కాఫీ తాగి కొంగు చూడకుండా వచ్చే మనిషి కాదు మా ఆవిడ. అంత బాగా వచ్చిందన్నమాట.