గ్లెండా నోట్లో నానిన నువ్వుగింజ

గ్లెండా థర్టిల్ నోట్లో నువ్వుగింజ నానదని మా హెమ్స్‌థార్ప్‌లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చర్చి ఎదురుగా ఆవిడ సెలూను. ఊళ్లో ఆడా మగా అందరి తలలూ ఆవిడ కత్తెర కిందికి రావలసిందే. పొద్దున ఆ కుర్చీలో ఒకరు చెప్పిన మాట సాయంత్రానికి పబ్బులో బీరు గ్లాసుల మధ్య తిరుగుతుండేది. చెడ్డ మనిషి కాదు. ఒకరి కష్టమో సుఖమో విన్నాక ఇంకొకరికి పంచకపోతే ఆవిడకు కడుపు ఉబ్బిపోతుంది, అంతే.

ఆ గుణం వల్ల ఎక్కువ నష్టపోయింది కూడా ఆవిడే. కూతురు రొవీనాది అదే సెలూనులో రెండో కుర్చీ. మొగుడు వదిలేసి వెళ్లిన రోజు ఆ పిల్ల వంటింట్లో తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. మర్నాడు మధ్యాహ్నం మాంసం కొట్టుకు వెళితే కొట్టతను జాలిపడి రెండు సాసేజీలు ఎక్కువ వేశాడు. రొవీనా వాటిని తెచ్చి తల్లి ముందు పెట్టి మేడమీదికి వెళ్లిపోయింది. అప్పటినుంచి తల్లితో మాట్లాడేది వాన గురించి, తువ్వాళ్ల గురించి, షాంపూ అయిపోవడం గురించి మాత్రమే. కూతురు తనతో మనసు విప్పడం లేదని గ్లెండాకు తీరని బాధ. ఆ బాధను కూడా కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ చెప్పుకుని ఏడ్చేది.

ఇలాంటి మనిషికి, దొరికింది దొరకలేదని చెప్పుకోవలసిన సరదా ఒకటి అంటుకుంది.

హొరేస్ మిండమ్ అని, లారీల మెకానిక్కుగా పనిచేసి మానేసిన పెద్దాయన ఒకడున్నాడు. మెటల్ డిటెక్టరు భుజాన వేసుకుని ముప్ఫై ఏళ్లుగా పొలాలు గాలిస్తున్నాడు. ఒకరోజు క్షవరం మధ్యలో తుమ్మొచ్చి జేబురుమాలు లాగితే, దానితోపాటు గోరంత వెండి నాణెం గ్లెండా తువ్వాలు మీద పడింది. ఆకులా పలచగా ఉంది. ఒకవైపు పొడుగాటి శిలువ, రెండోవైపు చంటిపిల్లలు గీసినట్టున్న రాజుగారి మొహం.

"ఎప్పటిది ఇది?" అంది గ్లెండా.

"ఏడొందల ఏళ్ల పైమాటే. ఎవడో సంతకు పోతూ జారవిడుచుకున్నాడు. వాడి తరువాత దాన్ని ముట్టుకుంది నేను. నా తరువాత నువ్వు."

గ్లెండా చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఊళ్లో బతికున్నవాళ్ల కబుర్లన్నీ ఆవిడకు తెలుసు. ఏడొందల ఏళ్ల కిందట చచ్చిపోయినవాడి కబురు అరచేతిలోకి రావడం ఆవిడ ఎరగని సంగతి. వాడు ఇంటికి వెళ్లాక పెళ్లాం ఏమని తిట్టి ఉంటుంది? ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు. మర్నాడే హొరేస్ ఇంటి తలుపు తట్టింది.

"నన్నూ తీసుకుపోండి పెద్దాయనా."

"నిన్నా?" హొరేస్ టీ కప్పు కింద పెట్టాడు. "నిన్ను తీసుకుపోతే దండోరా వేయించే ఖర్చు మిగులుతుంది. ఏటి పక్కన నాకో పొలం ఉండేది, తెలుసా? ఇరవై ఏళ్లు తిరిగాను. మాలో ఒకడు పబ్బులో ఒక్క పూట గొప్పలు చెప్పుకున్నాడు. వారం తిరక్కుండా దొంగలు మిషన్లేసుకుని వచ్చి చేనంతా మశూచి మొహంలా తవ్విపోశారు. రైతు మమ్మల్నందర్నీ గేటవతలికి గెంటాడు. ఇప్పుడు నాకు మిగిలింది గాట్స్ పొలం ఒక్కటే."

"నోరు విప్పను. ఒట్టు."

ఈ ఒట్టు సంగతి గ్లెండా సెలూనులో చెబితే రొవీనా, ఎవరి తలకో రంగు పూస్తూ, నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మ నోటికి తాళమా? తాళంచెవి ఊరంతా తిప్పి చూపిస్తుంది."

గ్లెండా కూడా నవ్వింది గాని ఆ మాట లోపల గుచ్చుకుంది. ఈసారి నోరు జారితే ముసలాయన ఆఖరి పొలం పోతుంది. తనమీద కూతురికి మిగిలిన ఆ కాస్త నమ్మకం కూడా పోతుంది.

మొదటిరోజు భాగోతం హొరేస్ ఇప్పటికీ చెబుతాడు. పాత మిషనొకటి ఇచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "నేలకు ఆనించీ ఆనించనట్టు, నింపాదిగా ఊపుతూ పో. గుర్రుమంటే ఇనుము, వదిలెయ్. సన్నగా పాడితే తవ్వు" అన్నాడు. పది అడుగులు వేసిందో లేదో మిషను కోకిలలా పాడింది. గ్లెండా మోకాళ్ల మీద పడి తవ్వింది. తళతళలాడే జుట్టు క్లిప్పు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఇంకో క్లిప్పు. మూడోది కూడా దొరికాక, రోమన్ల కాలంలో ఇక్కడ సెలూను ఉండేదా అని గట్టిగా అడిగింది. హొరేస్ వచ్చి ఆవిడ తలకేసి చూశాడు. వంగినప్పుడల్లా ఆవిడ జుట్టులోంచే ఒక్కో క్లిప్పు మట్టిలో పడుతోంది.

"తల్లీ, నిన్ను నువ్వే తవ్వుకుంటున్నావు" అన్నాడు.

ఆ ఎండాకాలం ఆవిడకు దొరికినవి సోడా డబ్బాల మూతలు, తుపాకీ తూటాల తొడుగులు, సీసపు ముద్దలు, ఎవడిదో కోటు బొత్తాం. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఆవిడ చేతికి ఎలుక తోక కూడా రాలేదు. అయినా మిషను పాడినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. ఈ గుంటలో ఏముందో లోకంలో ఇంకా ఎవరికీ తెలియదు, మొదట తెలిసేది నాకే అనుకుంటే కాళ్లు నేలమీద నిలిచేవి కావు. తవ్విన ప్రతి గుంటనూ పూడ్చి, పైన గడ్డి సర్ది, కాలితో తొక్కడం నేర్చుకుంది. ఏమీ దొరకలేదని నిజాయితీగా చెప్పుకోగల రోజులు కనుక నోటికి పరీక్ష రాలేదు.

పరీక్ష ఆగస్టు ఆఖరున, సోమవారం సెలవు కలిసొచ్చిన ఆ వారాంతం ముందు శుక్రవారం వచ్చింది. అప్పటిదాకా అడుగుపెట్టని గోధుమ చేను గాట్స్ కోసేశాడు. మోళ్లు కరకరలాడుతున్న పొలంలో, చీలిపోయిన ఓక్ చెట్టుకు కాస్త ఇవతల, మిషను పాడింది. తవ్వితే చిన్న వెండి నాణెం. కళ్లు మూసి తెరిచేలోగా పక్కనే ఇంకోటి. మిషను ఎటు తిప్పినా పాటే. గ్లెండా చేతివేళ్లతో మట్టి తోసింది. బూడిదరంగు కుండ అంచు కనిపించింది. లోపల నాణేలు, ఒకదానికొకటి అతుక్కుని, గంపలో చేపల్లా.

అరవడానికి నోరు తెరిచింది. గట్టుమీద ఎవరో కుక్కను తిప్పుతున్నారు. నోరు మూసుకుంది. గాలి బయటికి పోక దగ్గొచ్చింది. టోపీ తీసి ఊపితే హొరేస్ పరుగులాంటి నడకతో వచ్చి, గుంటలోకి చూసి, అక్కడే చతికిలబడ్డాడు.

"చెయ్యి తియ్యి" అన్నాడు.

"ఒక్కటి, పెద్దాయనా. ఒక్కటే ఒక్కటి తీస్తాను."

"వద్దు తల్లీ. కుండ ఎలా పెట్టారు, అడుగున ఏముంది, ఏ వరసలో పోశారు, అంతా మట్టిలోనే రాసుంటుంది. మనం చెయ్యి పెడితే చెరిగిపోద్ది. ఇది తియ్యాల్సింది చదువుకున్నోళ్లు."

పురావస్తు అధికారిణికి ఫోను చేస్తే ఆవిడ దూరాన ఇంకో తవ్వకంలో ఉంది. మంగళవారం పొద్దున్నే వస్తాను, మట్టి కప్పండి, మీ ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు అంది. మూడోవాడు రైతు గాట్స్. అతను పొట్టి, మాటా పొట్టే. విషయం విని, గడ్డిమోపుల ట్రైలరు లాక్కొచ్చి సరిగ్గా గుంటమీద నిలిపాడు. దిగి గ్లెండాను ఎగాదిగా చూశాడు.

"మంగళవారం దాకా ఆగుతావా?"

"ఆగుతాను."

"ఊఁ" అన్నాడు గాట్స్. ఆ ఊఁ లో నమ్మకం ఇసుమంత కూడా లేదు.

శనివారం సెలూనులో ఖాళీ లేదు. గ్లెండా ఒక్కటే నిర్ణయించుకుంది: నోరు తెరిస్తే ఎటు పోతుందో తెలియదు కనుక తెరవకూడదు. వచ్చినవాళ్లకు తల ఊపింది. ఎంత పొట్టిగా అని వేళ్లతో అడిగింది. తొమ్మిదిన్నరకల్లా ఊళ్లో గగ్గోలు మొదలైంది. గ్లెండా మాట్లాడడం లేదట. గొంతులో గడ్డట. పదకొండుకు ఆ గడ్డ కడుపులోకి దిగింది. మధ్యాహ్నానికి మిసెస్ ప్లమ్‌స్టెడ్ మూకుడునిండా కోడిమాంసం కూరి కాల్చిన పై రొట్టె తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుంది.

"ధైర్యంగా ఉండమ్మా. మా వదినకూ ఇలాగే అయింది. ఆ, అన్నట్టు, గాట్స్‌కి మతి పోయిందా ఏం? పొలం నడిమధ్య ట్రైలరు వదిలేశాడు."

గ్లెండా కత్తెర జారింది. మిసెస్ ప్లమ్‌స్టెడ్ నుదుటిమీది జుట్టు ఒక పక్క కనుబొమ్మ దాకా, ఇంకో పక్క నెత్తి దాకా తేలింది.

రొవీనా తల్లిని వెనకగదిలోకి లాగింది. "ఏమైందమ్మా నీకు? డాక్టరేమన్నా అన్నాడా? నాకైనా చెప్పు."

ఎన్ని నెలలకు ఆ పిల్ల "నాకైనా చెప్పు" అంది. కళ్లలో నిజమైన భయం ఉంది. గ్లెండాకు నాలుక చివరిదాకా వచ్చింది. కూతురికి చెబితే తప్పేముంది? అయితే ఆవిడ ఎప్పుడు ఎవరికి చెప్పినా, తప్పేముందనుకునే చెప్పింది.

"ఒంట్లో బానే ఉంది. ఒట్టు. మంగళవారం దాకా నన్నేం అడక్కు" అంది.

రొవీనా చెయ్యి వదిలేసింది. మొహం మాడ్చుకుని తన కుర్చీ దగ్గరికి వెళ్లిపోయింది. గ్లెండాకు ఏడుపొచ్చింది గాని దాన్నీ మింగింది.

సాయంత్రం మూసేవేళకు, ఊరు ఎరగని మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. బూట్లకు పొలం మట్టి. కిటికీ బయట నిలిపిన వ్యాను వెనక సీట్లో దుప్పటి కింద పొడుగాటి కర్రేదో, దాని చివర పళ్లెంలాంటి చక్రం. గ్లెండాకు అది ఏమిటో చెప్పనక్కర్లేదు.

"ఇక్కడి పొలాల్లో పాత నాణేలవీ దొరుకుతాయటగా?" అన్నాడు అద్దంలో చూస్తూ. "పొలంలో ట్రైలరు నిలిపింది ఎవరు?"

రొవీనా చెయ్యి ఆగింది. తల్లి మొహంకేసి చూసింది.

నోరు మూసుకుంటే ఊరు ఎంత కూసిందో గ్లెండా పొద్దుటినుంచి చూస్తూనే ఉంది. ఇప్పుడూ మూసుకుంటే వీడికి దారి చూపినట్టే. అందుకని ఆవిడ నోరు తెరిచింది. పొద్దుటినుంచి కట్టేసిన మాటలన్నీ గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి.

"ట్రైలరా? గాట్స్‌ది. టైరు పంక్చరు. వాడికి టైరు మార్చడం కన్నా పెళ్లాన్ని మార్చడం తేలిక, అదీ చెయ్యడనుకో. వాళ్ల నాన్న కూడా అంతే, ముప్ఫై ఏళ్లు ఒకటే కోటు. ఆ కోటు పోయిన కథ చెప్పనా? తల వంచు బాబూ. చర్చి విందులో బంగాళాదుంపల పోటీ పెట్టారు, అందులో మా మేనత్త..."

మేనత్త దగ్గర మొదలై, పాదిరిగారి మోకాలి నొప్పి, పోస్టాఫీసు పిల్లి కాన్పులు, వంతెన పక్కింటివాళ్ల కంచె తగాదా, అన్నీ వరసగా చెప్పింది. వాడు రెండుసార్లు "ఆ పొలం..." అని మొదలుపెడితే రెండుసార్లూ మెడ పట్టి కిందికి వంచింది. చివరికి చెవులు రెండూ ఎర్రబడి, చిల్లర కూడా తీసుకోకుండా వ్యాను ఎక్కి, వచ్చిన దారినే ఊరు దాటిపోయాడు. వాడు నిజంగా దొంగో, మామూలు వెర్రివాడో మాకు ఇప్పటికీ తెలియదు. గ్లెండా మాత్రం ఖాళీ కుర్చీలో కూలబడింది. రొవీనా టీ కలిపి చేతికిచ్చింది. వెళ్లి తలుపు గడియ పెట్టింది.

ఆదివారం, సోమవారం ఎలా గడిచాయో ఆవిడనే అడగాలి. పరామర్శకు వచ్చిన పై రొట్టెలు పెట్టడానికి ఫ్రిజ్‌లో చోటు లేకపోయింది. రెండు పూటలా కుక్కను తిప్పే వంకతో వెళ్లి ట్రైలరు చూసి వచ్చింది. ఆవిడకు కుక్క లేదు. పక్కింటివాళ్లది అరువు తెచ్చుకుంది.

మంగళవారం పొద్దున గాట్స్ ట్రైలరు జరిపాడు. అధికారిణి, ఇద్దరు మనుషులు వచ్చి చిన్న తాపీలతో, కుంచెలతో పనిలోకి దిగారు. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా కంచె దగ్గరే ఉంది, మిసెస్ ప్లమ్‌స్టెడ్ తలకు గుడ్డ కట్టుకుని మరీ. కుండను గుడ్డపట్టీలతో చుట్టి పైకి ఎత్తితే, కుండ కింద ఇంకో చిన్న కుండ. హొరేస్ టోపీ తీసేసి నిలబడ్డాడు. బుగ్గలమీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"చెయ్యి పెట్టకుండా వదిలింది ఎవరండీ?" అంది అధికారిణి. "అడుగున పరిచిన ఆకులు కూడా చెక్కుచెదరలేదు."

"ఇదిగో, ఈవిడే. ఎవరికీ చెప్పలేదు కూడా" అన్నాడు గాట్స్. అంత పొడుగు మాట అతని నోట ఊరు వినడం అదే మొదలు. ఊరు గ్లెండా వైపు తిరిగి నోరెళ్లబెట్టింది.

సాయంత్రం మూసేసిన సెలూనులో రొవీనా తల్లిని కూర్చోబెట్టి, తలలో మట్టి కడగడానికి తొట్టెమీదికి వంచింది. గ్లెండా తిట్లకు సిద్ధపడింది.

"శనివారం, నేనంత బతిమాలినా చెప్పలేదే?" అంది రొవీనా.

"మాటిచ్చానమ్మా. నీకు చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది."

రొవీనా నురగ కడిగింది. మళ్లీ కడిగింది. తరువాత నీళ్లు కట్టేసి, తల్లి తడి జుట్టులో చేతులు అలాగే ఉంచి, "అమ్మా, నీకొకటి చెప్పాలి" అంది.

ఆ రోజు వాళ్ల వంటింట్లో దీపం చాలాసేపు వెలుగుతూనే ఉంది. రొవీనా ఏం చెప్పిందో హెమ్స్‌థార్ప్‌లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.