బిగించని నట్లు

మా బావ బస్సుల గ్యారేజీలో మెకానిక్. చీమకైనా అపకారం చేయడు. వీధిలో ఎవరి కుళాయి కారినా వెళ్లి బాగుచేసి, టీ అయినా తాగకుండా వచ్చేస్తాడు. అలాంటి మనిషి పద్నాలుగు నెలలు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చక్రం నట్టు బిగించాక దాని మీద పసుపు రంగు గీత గీయడం వాళ్ల పద్ధతి. గీత ఉంటే బిగించినట్టే లెక్క. పద్నాలుగు నెలల కిందట ఒక రోజు పని త్వరగా తెమలాలని బావ నట్లు బిగించకముందే గీతలన్నీ గీసేసి భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చి ఆ గీతలు చూసి, బిగించేశాననే అనుకున్నాడు. జతగాడు పొట్టోడు కూడా గీతలు చూసే సంతకం పెట్టాడు. సాయంత్రం చక్రం ఊడి డ్రైవరు కాలు పోయింది. సంతకం ఎవరిదైతే తప్పూ వాడిదే అని పొట్టోణ్ణి పనిలోంచి తీసేశారు.

బావ నోరెత్తలేదు. కూరలో ఉప్పు లేకపోయినా తెలియనట్టే తినేవాడు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం రావడం మానేశాడు. మొన్న నిలదీస్తే అంతా చెప్పాడు.

"ఏడుపైనా రావట్లేదే" అన్నాడు.

"నాకెందుకు చెప్తావు? పొట్టోడికి చెప్పు, పద!" అని లాక్కెళ్లాను.

పొట్టోడు ఇప్పుడు బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. బావ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"తెలుసన్నా. నాది ఎడమచెయ్యి, నా గీత ఇంకోవైపు వాలుతుంది. అవి నీ గీతలే."

"మరి చెప్పలేదేం?"

"నీకు ముగ్గురు పిల్లలు. నేనొక్కణ్ణి. పోనీలే అనుకున్నా. నీ చేతులు పడిపోవాలని రోజూ ప్రార్థన కూడా చేశాలే."

ప్రభువు మన దోషం మోశాడని ప్రతి ఆదివారం పాడతాం. ఇస్త్రీ చేసుకునేవాడొకడు, శాపనార్థాలు పెడుతూనే, మా బావ దోషం మోశాడు. నాకు సిగ్గేసింది.

"రేపు మేనేజరుకి చెప్పేస్తా" అన్నాడు బావ.

"ఒక్కడివే అయితే గేటు నుంచే వెనక్కొస్తావు. నీ సంగతి నాకు తెలీదా? నేనొస్తా. అట్నుంచటే డ్రైవరు ఇంటికీ వెళ్దాం."

పొద్దున పొట్టోడూ మాతో బయల్దేరాడు, ముగ్గురం గ్యారేజీకి వెళ్లాం. దారిలో పొట్టోడు క్షమించానని అనలేదు, అనమని బావా అడగలేదు. మేనేజరు గది ముందు బావ కాళ్లు ఆగిపోయాయి. పొట్టోడు బావ మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు.

"నొప్పెడుతోందిరా" అన్నాడు బావ.

ఇన్ని నెలల్లో ఆయన ఏదైనా అనిపిస్తోందని చెప్పడం అదే మొదలు. పొట్టోడు మాత్రం చెయ్యి వదల్లేదు.