ఓడినవాడిదే మొదటి ఎత్తు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవన్నీ ముందే చెప్పేస్తాను. మధ్యలో చెబితే జాలిపడి మీరు లెక్క తప్పిస్తారు. ఆరేళ్లలో ఓడిన చదరంగం ఆటలు మూడు వందల పదకొండు. (సమానంగా ముగిసినవి మరో తొమ్మిది. వాటిని మావ "సచ్చిన ఆటలు" అని లెక్కలోకి రానిచ్చేవాడు కాదు, కాబట్టి నేనూ రానివ్వను.) ఆ ఆటల ధ్యాసలో బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు నాలుగు. శృంగవరపుకోటలో పోయిన పరువు ఒకటి. చివరికి మావ. గెలిచింది ఒకే ఒక్క ఆట. అది కూడా గెలవకుండా ఉండాల్సిందని, తల సగం నెరిసిన ఈ వయసులో అనిపిస్తోంది.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. బొబ్బిలిలో వీణలు చేసేవాడు. పనస దుంగని తొలిచే పని ఎవరు చేసినా, మైనం మీద ఇరవై నాలుగు మెట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చే పని మాత్రం అందరూ ఆయన చేతికే వదిలేవారు. నేను విజయనగరం బస్టాండులో ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రాసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోయింది గాని, సరాసరులూ శాతాలూ నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడు కనబడినదాన్నల్లా సరాసరి తియ్యకుండా ఉండలేడు. మంగళవారం నాకు సెలవు. మంగళవారం మధ్యాహ్నానికి మావ పాకలో ఉండేవాణ్ణి. చెక్కపొట్టు వాసన మధ్య బల్ల, బల్ల మీద మావ మిగులు చెక్కతో చెక్కిన పావులు. ఒక గుర్రం ఎప్పుడో పోతే దాని స్థానంలో తీగ బిగించే వీణ బిరడ ఒకటి నిలబడి ఉండేది. ఆ బిరడ చేతిలో నేను ఓడినన్నిసార్లు అసలు గుర్రం చేతిలో ఓడలేదు.

మా ఆటకి మూడు పద్ధతులు. బంటు ఎప్పుడూ ఒక్క అడుగే వేస్తుంది. ముట్టుకున్న పావునే కదపాలి. ఓడినవాడే తర్వాతి ఆట మొదలుపెట్టాలి. మొట్టమొదటి రోజు మావ "సిన్నోడివి, నువ్వే ఎత్తు" అన్నాడు. ఎత్తి ఓడాను. ఓడాను కాబట్టి మళ్లీ ఎత్తాను. అలా ఆరేళ్లపాటు ప్రతి ఆటా నేనే మొదలుపెట్టాను. మావ ఆట ఎలా మొదలుపెడతాడో నేను ఒక్కసారీ చూడలేదు.

చూడాలని నా ఆశ. మొదటి ఎత్తులోనే ఏదో తప్పు చేస్తున్నానని నాకు గట్టి నమ్మకం. "మావా, ఏ ఎత్తుతో మొదలెడితే మంచిదో సెప్పకూడదేటి?" అని అడిగితే, మావ మైనం కరిగిందో లేదో చూసుకుంటూ, "సెప్తే ఏటొస్తాదిరా? ఒక్కసారి నన్ను ఓడించు. అప్పుడు ఎత్తు నాది కదా. ఎత్తి సూపిస్తాను" అనేవాడు. ఆ ఒక్క ఎత్తు కోసమే ఆరేళ్లు బస్సెక్కాను.

మొదటి ఎత్తుగా వెయ్యగలిగినవి ఎన్నో లెక్కవేశాను. ఎనిమిది బంట్లకీ ఒక్కొక్కటి, రెండు గుర్రాలకీ రెండేసి, మొత్తం పన్నెండు. ఒక్కోదాన్నీ ఇరవై ఆరుసార్లు పరీక్షించాలని నిర్ణయించాను. నోటుపుస్తకంలో పన్నెండు గళ్లు గీశాను. సగం దూరం వచ్చేసరికి, అంటే నూట యాభై ఆరు ఆటల దగ్గర, నాకు ఒక మహా సత్యం తోచింది. ఏ గడి చూసినా ఓటమే. అంటే తప్పు ఎత్తులో లేదు, ముందు ఎత్తడంలోనే ఉంది! ముందు మొదలుపెట్టినవాడు నూటికి నూరుపాళ్లూ ఓడిపోతున్నాడు. కింద రెండు గీతలు గీసి మరీ రాసుకున్నాను.

ఆ నెలలోనే శృంగవరపుకోటలో పోటీ. నాకు ఎదురుపడినది రిటైరైన డ్రిల్లు మాస్టారు. టాసు నేను గెలిచాను. గెలిచి, చేతులు కట్టుకుని, "మీరే మొదలెట్టండి మేస్టారూ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదేటి?" అన్నారు. ఆయన బంటు మొదటి ఎత్తులోనే రెండడుగులు వేసింది. అది దొంగాట అని నేను లేచి నిలబడ్డాను. (పోటీల్లో అలాగే ఆడతారట. నవ్విన వాళ్లు పదిహేడు మంది.) పంతొమ్మిదో ఎత్తుకి నా రాజు ఇరుక్కున్నాడు.

మంగళవారం ఆ సంగతంతా చెప్పి నోటుపుస్తకం మావ ముందు పెట్టాను. మావ చూశాడు. అత్తని కూడా పిలిచాడు. "ఒసే, ఇటురా, మీ అల్లుడు ఏటి కనిపెట్టేడో సూడు." ఆ తర్వాత పొట్ట పట్టుకుని, "ఒరే ఎర్రి నాయినా! ఓడినోడే ముందెత్తాలన్నది మన పద్దతి. ఓడతన్నదీ నువ్వే, ఎత్తతన్నదీ నువ్వే. ముందెత్తినోడల్లా ఓడిపోతన్నాడని రాసుకున్నావేట్రా!" అన్నాడు. అత్త మాత్రం నవ్వలేదు. "పెన్ను మీద ఉన్న ద్యాస పెల్లి మీద ఉంటే ఈపాటికి ఇద్దరు పిల్లలు" అని లోపలికి వెళ్లిపోయింది. నేను మిగిలిన నూట యాభై ఆరు ఆటలకి కొత్త పేజీ తిప్పాను.

ఆరో ఏడు మావకి సుస్తీ చేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కుడిచెయ్యి వణికేది. సగం మెట్లు అమర్చిన వీణ ఒకటి మూల నిలబడి ఉండేది. దాని మీద మైనం గట్టిపడిపోయింది. చదరంగం మాత్రం మానలేదు. నా పట్టికలో అన్ని గళ్లూ నిండి, చివరి గడిలో చివరి ఆట మిగిలింది, మూడు వందల పన్నెండోది. ఏనుగు ముందు బంటుతో మొదలుపెట్టాను. ఆట మధ్యలో మావ బిరడ గుర్రం కోసం చెయ్యి చాచాడు. చెయ్యి వణికి, చిటికెనవేలు మంత్రికి తగిలింది.

ఆ తగలడం నేను తప్ప ఎవరూ చూడలేదు. చూడనట్టు ఊరుకోవచ్చు. కానీ ఆరేళ్లుగా ఎదురుచూసిన ఎత్తు నాలుగంగుళాల దూరంలో ఉంది. "మావా, మంత్రి తగిలినాది" అన్నాను.

"సెయ్యి వణుకుతన్నాది, కనబడ్డం నేదేట్రా నీకు?" అంది, టీ గ్లాసులతో వచ్చిన అత్త.

"ఊరుకోయే" అన్నాడు మావ. "ఆడు సెప్పినది నాయమే. ముట్టినాను, ఎత్తాల." అని మంత్రిని తీసుకెళ్లి నా శకటు నోట్లో పెట్టాడు. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టింది. గెలిచినవాడు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మావే పావులన్నీ మళ్లీ పేర్చి, "అయితే ఇప్పుడెత్తు నాది. ఎత్తీమన్నావేటి?" అన్నాడు. గోడ గడియారం చూశాను. అయిదు నలభై బస్సుకి తొమ్మిది నిమిషాలే ఉంది. "వచ్చే మంగళవారం ఎత్తు మావా, తీరిగ్గా సూస్తాను" అని లేచాను. (ఆ రోజు బస్సు ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బస్టాండులో నిలబడి అది కూడా రాసుకున్నాను.)

శుక్రవారం మావకి మాటా, కుడిపక్కా పడిపోయాయి. మూడు వారాల తర్వాత బల్ల తీసుకెళ్లి మంచం మీద పెట్టి పావులు పేర్చాను. మావ చాలాసేపు చూశాడు. ఎడమచెయ్యి మెల్లగా లేచింది, బల్ల మీదకి వచ్చింది, ఒక్కసారిగా పడింది. మూడు పావులు దొర్లాయి. రాజు ముందు బంటు, మంత్రి ముందు బంటు, బిరడ. ఏది ముందు తగిలిందో నేను చూడలేకపోయాను. చూడడమే పనిగా కూర్చున్నవాణ్ణి. తలెత్తితే అత్త గుమ్మంలో ఉంది. "లెక్కెట్టకురా" అంది. మావ మూతి ఒక పక్కకి నవ్వింది. మావ ఆ నెల దాటలేదు.

ఇప్పుడు నా ఫోనులోనే చదరంగం ఉంది. ఏ ఎత్తుతో మొదలుపెడితే ఎంత శాతం మేలో క్షణంలో చెబుతుందట. నేను అడగలేదు. అందులో బంటు రెండడుగులు వేస్తుంది, మావ ఒప్పుకోడు. ఆ బల్ల మా ఇంట్లోనే ఉంది. మంగళవారాలు పావులు పేర్చి, అవతలి పక్కకి కుర్చీ వేసి, కాసేపు కూర్చుంటాను. మా ఆవిడ టీ ఒక్క గ్లాసే తెస్తుంది. నోటుపుస్తకం చివరి పేజీ ఇంకా కొట్టివెయ్యలేదు. ఆడిన ఆటలు మూడు వందల పన్నెండు. నేను వేసిన మొదటి ఎత్తులు మూడు వందల పన్నెండు. మావ నుంచి రావలసినది, ఒకటి.