రెండు లైన్ల సాయంత్రం

నవాబు పాలన పోయిన ఆ రోజుల్లో మా సర్కారు దఫ్తర్‌లోంచి ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో చదువుకున్న నాలాంటి కుర్ర గుమాస్తాలకు నోట మాట పడిపోయినట్టయింది. ఇంగ్లీషు పరీక్ష పాసైతేనే నౌకరీ ఖాయం, రెండుసార్లు తప్పితే ఇంటికే. ఆ పరీక్షలో కథల పుస్తకంలోంచి ఓ వర్ణన ఇచ్చి, ఏదీ వదలకుండా సొంత మాటల్లో తిరగరాయమనేవారు. నాకు వచ్చిన విద్య ఒక్కటే: అర్జీ ఎంత పొడుగున్నా దాని పైన రెండు లైన్ల ఖులాసా, అంటే సారాంశం, రాసి సాహెబు ముందు పెట్టడం. (అందులో ఘనుణ్ణనే అనుకునేవాణ్ణి.) నది మీద పొద్దుగూకడాన్ని పేజీ నిండా వర్ణిస్తే, "సూర్యుడు అస్తమించెను. నది యథాస్థితిలో ఉన్నది" అని ఇంగ్లీషులో రాసి, యాకుత్‌పురాలో మాకు ట్యూషన్ చెప్పే ముసలి మాస్టర్ సాబ్‌కు గర్వంగా చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, "ఏంది మియా, గింత మంచి షామ్‌ను ఫైల్ల పెట్టి మూసేసినవ్?" అన్నారు.

ఇంట్లో మా అక్క ఉండేది. క్షయ. దబీర్‌పురాలో మా వెనకగది మంచం మీదే రెండేళ్లు గడిపింది. నేను పాఠం పైకి చదువుతుంటే, "గదేందో తెలుగుల చెప్పు తమ్మీ" అనేది. నా ఖులాసా వినిపించేవాణ్ణి. "పేజీ నిండ ఉన్నది గదరా, గంతేనా? మంచంల ఉన్నదానికి ఏం దెలుస్తదనుకున్నవా?" అంది ఒకరోజు. సిగ్గేసింది. నిఘంటువు ముందేసుకుని నీళ్ల రంగేమిటో, పడవలో ఎవరున్నారో ఒక్కొక్కటే విప్పి చెప్పడం మొదలుపెట్టాను. పుస్తకంలో లేనివి కల్పించేవాణ్ణి కూడా. ఆ ఇంగ్లీషు నది ఒడ్డున జామపండ్లమ్మే ముసలమ్మను కూర్చోబెడితే అక్క నవ్వి, నవ్వుతూనే దగ్గి, "ఆ దేశంల జామపండ్లు దొరుకుతయా? సరే, ఉండనీ, ముసల్ది మంచిగున్నది" అంది.

పరీక్ష ఇంకా పదకొండు రోజులుందనగా అక్క పోయింది. పరీక్షలో వాన వెలిసిన తోట ఒకటి వచ్చింది. కలం పట్టుకున్నాక, అక్కకు చెబుతున్నట్టే రాసుకుంటూ పోయాను. మిగతా ప్రశ్నలు ముట్టుకోనేలేదు. తప్పాను. (తప్పకేం చేస్తాను?) మాస్టర్ సాబ్ సంగతంతా విని, "ఏడ్పొస్తే ఇంట్ల ఏడ్వాలె మియా, పరీక్ష పర్చాల గాదు" అంటూ తన కళ్లు తుడుచుకున్నారు.

ఆర్నెల్లకు మళ్లీ కూర్చుని, బుద్ధిగా కొలిచినట్టు రాసి పాసయ్యాను. ఎంత పెద్ద వ్యవహారమైనా రెండు లైన్లలో తేల్చేస్తాడని తరువాత దఫ్తర్‌లో పేరు తెచ్చుకున్నాను. ఇవాళ దీన్నీ అలాగే తేల్చేద్దామని కూర్చున్నాను. అక్క పోయిందన్న ఒక్క మాట దగ్గరికి రావడానికే ఈ మొనగాడికి ఇంతసేపు పట్టింది.