జానెడు జానెడు

ఇవాళ మిక్సీ వైరు మాడిన వాసన రాగానే కోటగిరిలోని మా పాత టేబుల్ ఫ్యాను గుర్తొచ్చింది.

అమ్మ మంచాన పడ్డ ఎండాకాలం అది. ప్లగ్గు దగ్గర వైరు మాటిమాటికీ కాలిపోయేది. బాపు కాలిన జానెడు ముక్కను కోసేసి, మిగిలిన కొసల తొడుగు పళ్లతో ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి మళ్లీ ప్లగ్గులో బిగించేవాడు. ప్రతిసారీ ఫ్యాను గోడ వైపు జానెడు జరిగేది. దాని వెంట అమ్మ మంచమూ జరిగేది.

"ఇంకెంత జరుపుతవ్? గోడ అచ్చింది," అంది అమ్మ ఒకసారి, కళ్లు తెరవకుండానే.

మా చేలో చెరుకు నరికితే మొదళ్ల నుంచి మళ్లీ మొలిచేది. వైరూ అంతే అనుకున్నాను. "బాపూ, ఇది మల్ల ఎప్పుడు పెరుగుతది?" అని అడిగాను.

"మీ అమ్మ లేచినంక పెరుగుతది బిడ్డా," అన్నాడు.

రోజూ పొద్దున్నే జానతో కొలిచేదాన్ని.

పెద్దయ్యాక ఒకరోజు బాపును అడిగాను, బోధన్‌లో కొత్త వైరు దొరకలేదా అని.

"మీ అమ్మ ఆ ఎండలు దాటదని డాక్టర్ చెప్పిండు. ఉన్న వైరు సాలుతదనుకున్న."

సరిపోయింది. రెండు జానల వైరు మిగిలింది కూడా.