పిడికెడు విత్తనం

మొదటి వాన పడి రెండు ఆదివారాలు గడిచినా చర్చిలో బల్ల మీది చేట ఖాళీగానే ఉంది.

చౌడేపల్లె దాటాక మెట్ట పొలాల నడుమ ఉన్న ఆ పాళెంలో ప్రేమానందం చాలా ఏళ్లుగా ఉపదేశి. పాస్టరుగారు మదనపల్లె నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చిపోతారు. పెళ్లికీ, చావుకీ, జ్వరానికీ పలికేది ప్రేమానందమే. విత్తే ముందు ఇంటికొక పిడికెడు చెనక్కాయ విత్తనం తెచ్చి ఆ చేటలో పోయడం అక్కడి ఆనవాయితీ. ఆయన ప్రార్థన చేసి, అంతా కలిపి, ఇంటికి పిడికెడు తిరిగి ఇస్తాడు. ఆ గింజలు తినకూడదు, అమ్మకూడదు. మట్టిలోనే వేయాలి.

అది 1979. ఆ వేసవిలో ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చి, ఈసారి పంట ఇంటికి చేరకముందే ప్రభువు వచ్చేస్తాడని మైకులో చెప్పిపోయాడు. కరువుతో విసిగిన జనం నమ్మారు. విత్తనానికి దాచిన కాయలు వేయించుకు తింటూ, పొద్దున్నే చర్చిలో చేరి పాటలు పాడుతున్నారు. నేలలో పదును ఆరిపోతోంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఈ ఏడు పంట లేనట్టే.

ప్రేమానందం నోరు మెదపలేకపోయాడు. విత్తండి అంటే ప్రభువు రాడని చెప్పినట్టవుతుందేమో. అసలు ఆ రాక కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఆయనే. ఊరూరూ సైకిలు తొక్కి మోకాళ్లు అరిగాయి. ఎన్నో సమాధులకు తన చేత్తోనే మట్టి వేశాడు. ఈరోజు వస్తే బాగుండునని రోజూ నిద్ర లేవగానే తూర్పుకేసి చూస్తాడు.

"పదును పోతాండాది. మనం గూడా సేతులు ముడుసుకొని కూర్సునేదేనా?" అంది భార్య విమలమ్మ.

ఆయన చర్చికి వెళ్లి, చేట తీసుకుని పక్క చేను మునిరాజు ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యగారూ, చేట ఎత్తుకొని బయలుదేరినారే? విమలమ్మ కూడు పెట్టలేదా?" మునిరాజు నవ్వాడు.

"పిడికెడు ఇత్తనం పెట్టప్పా."

"ప్రభువు వస్తాండాడని ఇన్నేండ్లుగా చెప్తాండేది మీరే గదా! ఇప్పుడు మీకే నమ్మకం లేదా?"

ఆ మాట గుచ్చుకుంది. ప్రేమానందం చేట ముందుకు చాచాడు.

"వస్తాడు మునిరాజూ. ఈ పొద్దే రానీ. నేను చేన్లో ఉంటే చేన్లోకే వస్తాడు. పిడికెడే గదప్పా అడిగింది."

ఉపదేశికి పిడికెడు గింజలు లేవనడానికి మునిరాజుకు నోరు రాలేదు. మిగతా ఇళ్లలోనూ అంతే. ఒకామె పెనంలోంచి తీయబోతే, "వేయించినవి వద్దమ్మా" అన్నాడు.

సాయంత్రం ఒక్కడే ప్రార్థన చేసి, గింజలన్నీ కలిపి, మళ్లీ ఇంటింటికీ తిరిగి పంచాడు. మునిరాజు చేతిలోని గింజలు చూసుకుని, "ఇరికిస్తిరి గదయ్యగారూ" అని గొణిగాడు.

మర్నాడు పొద్దున్నే ప్రేమానందం మడక కట్టాడు. వెనకే విమలమ్మ సాలులో గింజలు వేస్తూ వచ్చింది. కొన్ని సాళ్లకే ఆయాసంతో గట్టు మీద కూలబడ్డాడు. అలవాటుగా తూర్పుకేసి చూశాడు. ఎండ తప్ప ఏమీ లేదు.

పక్క చేన్లో ఎవరో ఎద్దుల్ని అదిలిస్తున్నారు. మునిరాజే.

"పిడికెడు గింజలకు మడక కడితే ఎద్దులు నవ్వవా అయ్యగారూ? మిగిలిన కాయలన్నీ గూడా ఇత్తనానికి ఒలిపించినా!" అని అక్కడి నుంచే అరిచాడు.

మిగతా చేలు బీడుగానే ఉన్నాయి. చర్చిలో పాట ఇంకా వినిపిస్తోంది. ప్రేమానందం మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, మడక మేడి అందుకున్నాడు.