కోటదిబ్బ మీద పలికిందెవరు?

దెయ్యాలంటే నాకు నవ్వు. మా ఇంట్లో రాత్రి ప్రార్థన చేసుకుని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. పైగా నేను సోషల్ టీచర్ని. అందుకే ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పి.గన్నవరం దగ్గర మా ఊళ్ళో కోటదిబ్బ ఉంది. రెడ్డిరాజుల నాటిదంటారు. తరవాత నవాబు మనుషులది, ఆపైన జమీందారుది అయింది. జమీందారీ పోయాక ఓ కొబ్బరి వర్తకుడు కొన్నాడు. కువైట్ వెళ్ళొచ్చిన సత్తిబాబు గారి చేతిలో మొన్నమొన్నటిదాకా ఉంది. ప్రతి యజమానీ ఇటుకలు పీకించినవాడే. ఒకరు దివాణానికి, ఇంకొకరు కొబ్బరి కొట్టుకి. కూలికి మోసింది మాత్రం ఎప్పుడూ మావాళ్ళే. మా నాయనమ్మ కూడా మోసింది. కోటంతా మావాళ్ళ నెత్తుల మీదుగానే కరిగిపోయింది. ఒక కమాను, దాని వెనక మొండిగోడ మిగిలాయి.

దాన్ని చదును చేసి రొయ్యల చెరువు తవ్వుతామని ఎవరో బేరానికొచ్చారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అందరూ వద్దన్నా పట్టుబట్టి నేనే కొన్నాను.

మా ఊళ్ళో తోటైనా దిబ్బైనా చేతులు మారితే ఒక పద్ధతుంది. అమ్మినాయన బయట నిలబడి పిలవాలి, కొన్నవాళ్ళు లోపలి నుంచి పలకాలి. అప్పటిదాకా రిజిస్ట్రేషన్ అయినా లెక్కలోకి రాదు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నేను కమాను లోపల నిలబడ్డాను. సత్తిబాబు గారు బయటి నుంచి పిలిచారు.

"లోపలెవరండీ?"

నేను నోరు తెరిచేలోపే నా వెనక, మొండిగోడ అవతలి నుంచి ఒక ఆడమనిషి పలికింది.

"ఆయ్, మేమేనండీ!"

నెత్తిన బరువుతో ఆయాసపడుతున్న మనిషి గొంతు అది.

"మీవాళ్ళని ముందే దింపేసేరేంటండీ టీచరు గారూ?" అని ఆయన నవ్వారు. నేను ఒక్కదాన్నే వచ్చానని చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఇద్దరం గోడ వెనక్కి వెళ్ళి చూశాం. మూడు వైపులా కాలవ. పడవ లేదు, మనిషి లేదు. గడ్డి కూడా నలగలేదు.

"పోనీ, వెనక్కి తీసేసుకుంటానండీ. చెరువు వాళ్ళు ఇంకా అడుగుతున్నారు," అన్నారాయన.

ఒప్పేసుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు. అయినా కమాను కిందకి వచ్చి నిలబడ్డాను.

"బయటికెళ్ళి ఇంకోసారి పిలవండి," అన్నాను.

ఈసారి ఆయన దూరం నుంచే పిలిచారు. నేను కాసేపు ఆగాను. ఎవరూ పలకలేదు. అప్పుడు గట్టిగా "నేనేనండీ, రండి!" అన్నాను. ఆయన రాలేదు. అక్కడి నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

మా తమ్ముడు అది ప్రతిధ్వని అంటాడు. ప్రతిధ్వని అన్నమాటే తిరిగి అంటుంది గానీ అడిగినదానికి జవాబు చెబుతుందా? నాకైతే ఇప్పటికీ అంతు చిక్కలేదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను.

చెరువు వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. అమ్మనని చెప్పాను, చెబుతూనే ఉంటాను. కానీ ఆ "మేమేనండీ" విన్నాక, ఆ దిబ్బ నా ఒక్కదానిదేనని గట్టిగా అనలేకపోతున్నాను.